చిన్నబోయిన మూర

ముందుగా ఒక మాట చెప్పి మొదలుపెడతాను. మీ చెయ్యి ఉన్నట్టుండి మీ మాట వినకపోతే, మూతి ఒక పక్కకు జారితే, వెంటనే ఆసుపత్రికి పొండి. చాయ తాగి పోదామనుకోకండి. నేను చాయ తాగాను. తాగానంటే సగం తాగాను, మిగతా సగం మూతి పక్క నుంచి చీర మీదికి కారింది. అప్పుడు కూడా చాయవాణ్ణే తిట్టాను, గ్లాసుకు చిల్లి ఉందని.

నా పేరు బాలమణి. అమీర్‌పేట చౌరస్తాలో మెట్రో పిల్లరు కింద పూలమ్ముతాను. ఆ పిల్లరు పుట్టకముందు నుంచీ అదే జాగా నాది. అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, బస్తీలో రాత్రి బడి పెట్టినప్పుడు. అంతకు ముందు నాకు తెలిసిన చదువల్లా మూర. మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా దండ పట్టి చూపిస్తే ఒక మూర. పూలమ్మేవాళ్లకు అదే స్కేలు, అదే తక్కెడ. ఎవరి చెయ్యి ఎంతుంటే వారి మూర అంత. కొలిచాక మీద కొసరు ఒక తునక ఇస్తాం. మూర న్యాయానికి, కొసరు మర్యాదకు.

ఇది జరిగింది మాఘమాసంలో. పెళ్లిళ్ల రోజులు, కాకడమల్లెలు గంపెడు తెచ్చుకున్నాను. ఎడమ చేతి వేళ్ల మధ్య పూలు పట్టుకుని కుడి చేత్తో దారం తిప్పాలి. చేతుల వంక చూడకుండా, వచ్చిపోయేవాళ్లను చూస్తూ, పక్కబండి వాడితో కొట్లాడుతూ కట్టడం నాకు చిన్నప్పుడే అలవాటైంది. ఆ పొద్దు దండ ఒళ్లో పడింది. నేనింకా పట్టుకునే ఉన్నాననుకుంటున్నాను.

పూలకు వచ్చిన ఒకామె అరిచింది. "అవ్వా, నీ మూతేందే గట్ల వంకరవోయింది?"

"ముందు నీ మూతి సూస్కో" అన్నాను. అనబోయాను. ఆ మాట నా నోట్లోంచి నీళ్లలో నానిన బిస్కెట్‌లా ఊడి పడింది. అప్పుడు భయం వేసింది.

మా కొడుకు యాదగిరి ఆటో నడుపుతాడు. నన్ను వెనక పడుకోబెట్టుకుని పంజాగుట్ట పెద్దాసుపత్రికి తోలాడు. ఏడుస్తూ తోలుతున్నాడు. దారిలో ఒకాయన చెయ్యెత్తి "ఖైరతాబాద్ వస్తవా భాయ్?" అన్నాడు. మావాడు అలవాటు కొద్దీ బండి ఆపాడు. ఆయన ఎక్కబోయి, సీటు మీద నన్ను చూసి, చెప్పు ఒకటి వదిలేసి పారిపోయాడు. ఆ చెప్పు ఇంకా ఆటోలోనే ఉంది. ఎవరైనా అడిగితే ఇస్తాం.

డాక్టరు పక్షవాతం అన్నాడు. వచ్చి మంచి పని చేశావు పెద్దమ్మా, ఆ చాయ మానుకుని వస్తే ఇంకా మంచిగుండేది అన్నాడు. నాలుగు రోజులకు మూతి దాని చోటికి వచ్చింది. కాలు ఈడ్చుకుంటూనైనా నడిచింది. ఎడమ చెయ్యి మాత్రం రాలేదు. భుజం లేస్తుంది, మోచెయ్యి వంగుతుంది, వేళ్లు మాత్రం ముడుచుకుని ఉంటాయి, పిడికిట్లో ఎవరికీ చూపించకూడనిదేదో దాచుకున్నట్టు. చూడ్డానికి వచ్చిన చుట్టాలకు యాదగిరి ఒకే మాట చెప్పేవాడు. "దేవుడు మా అమ్మ చెయ్యి తీస్కొని నోరు ఇడిసిపెట్టిండు. మాకు అటుది ఇటు జేస్తే బాగుండు."

*

శివరాత్రి దాటాక వారం వారం చేతికి వ్యాయామం చేయించుకోవడానికి ఆసుపత్రికి పోయేదాన్ని. అక్కడ పని చేసుకునేది కాసేపు, కూర్చునేది పొద్దంతా. ఆ హాల్లో మాలో మేము రెండు పార్టీలు. ఎవరు కొత్తగా వచ్చినా ముందు పేరు అడగం. "ఎడమా, కుడా?" అని అడుగుతాం. ఎడమ పక్క పడిన మాబోటివాళ్లకు మాట ఉంటుంది. కుడి పక్క పడినవాళ్లలో చాలామందికి మాట పోతుంది. అందుకని మేం చెబుతుంటాం, వాళ్లు వింటుంటారు. జన్మలో నన్ను అంత ఓపికగా ఎవరూ వినలేదు.

కుడి పార్టీలో ఒకాయన పాత బస్సు కండక్టరు. మాట పోయింది గానీ ఈల పోలేదు. నేను కునుకు తీస్తుండగా నా టోకెన్ పిలిస్తే ఈల వేసి లేపేవాడు. ఆ ఈలకు హాల్లో నిలబడినవాళ్లంతా చప్పున ముందుకు జరిగేవారు. నేను వెళ్లి వచ్చేదాకా నా కుర్చీలో తన తువ్వాలు వేసి ఉంచేవాడు. ఒక్క మాట మాట్లాడుకోకుండా నాకు అంత స్నేహితుడు ఇంకెవరూ లేరు. మాట్లాడుకోలేదు కాబట్టే చెడలేదేమో.

వ్యాయామం చేయించే పిల్ల బంగారు తల్లి. "మెల్లగ తెరువు పెద్దమ్మా, ఒక్కొక్క వేలు" అనేది.

"తెరుసుకుంటే నీ దగ్గరికెందుకొస్తనే బిడ్డా?"

"వస్తది, రోజు జెయ్యాలె. కోపంతోని జెయ్యొద్దు."

కోపం లేకుండా ఏ పనైనా ఎలా చేస్తారో నాకు తెలియదు.

ఇంట్లో వైద్యం వేరుగా నడిచింది. మా కోడలు సుజాతకు శ్రీకాంత్ అని ఒక తమ్ముడున్నాడు. ఖైరతాబాద్‌లో తోపుడుబండి మీద ఫోను కవర్లు అమ్ముతాడు, పోలీసులు వస్తే బండితో సహా పరుగెత్తుతాడు. వాడొక పొద్దు ఎర్రగడ్డ సంత నుంచి సంచిలో పావురాన్ని తెచ్చాడు.

"అత్తమ్మా, దీని నెత్తురు గరంగరం రుద్దితే చెయ్యి ఖతర్నాక్ లేస్తదంట."

"నా నెత్తురే నా మాట ఇంటలేదు. పావురం నెత్తురు ఇంటదారా?"

మేం వాదులాడుకుంటుంటే పావురం సంచిలోంచి లేచి ఫ్యాను మీద కూర్చుంది. కరెంటు లేదు కాబట్టి బతికింది. అప్పటి నుంచీ మా ఇంట్లోనే ఉంటోంది. శ్రీకాంత్ గడపలో కనబడితే చాలు, బీరువా మీదికి ఎక్కుతుంది. దానికున్న బుద్ధి మా యాదగిరికి లేదు. ఆ సాయంత్రం వాడు నా మంచం దగ్గర కూర్చుని గోడ వంక చూస్తూ అన్నాడు.

"అమ్మా, నీకు రెస్టు గావాలె. శ్రావణం దాక సూద్దాం. అప్పటికి చెయ్యి రాకుంటే జాగ శ్రీకాంత్‌కిద్దాం. ఊకె ఖాళీ ఉంటే ఎవడన్న గుంజుకుంటడు."

"రెస్టు సచ్చినంక తీస్కుంట."

"గదే వద్దంటున్న" అన్నాడు వాడు. తిట్టడానికి తెరిచిన నోరు నేనే మూసుకున్నాను.

వాడి భయం నాకు తెలుసు. నా భయం వాడికి తెలియదు. ఆ జాగా పోతే నాకు మిగిలేది ఒక గది, ఒక టీవీ, ఒక పావురం. అమీర్‌పేటలో కోచింగుకని వచ్చిన పిల్లలు ఉద్యోగాలొచ్చి, పెళ్లిళ్లయి, పిల్లల్ని ఎత్తుకుని వచ్చి "అవ్వా, బాగున్నవా" అంటారు. వాళ్లు వచ్చి చూస్తే అక్కడ ఫోను కవర్లుంటాయి.

అందాకా జాగా పోకుండా సుజాత కూర్చుంది. సనత్‌నగర్‌లో ప్యాకింగు పని చేసి వచ్చి సాయంత్రం పూలమ్మేది. మంచి పిల్లే గానీ, దాని చేతులు మరీ పొడుగు. దాని మూర అంటే నా మూర మీద ఇంకో నాలుగు వేళ్లు. వారం తిరిగేసరికి నా జాగా ముందు వరస కట్టారు. "మీ అత్తను నిదానంగ కోలుకోమను తల్లీ, తొందరేం లేద"ని చెప్పి పంపారట, ఇరవై ఏళ్లుగా నా దగ్గర కొనేవాళ్లు. నేనేమో ఇంట్లో గోడకు తిరిగి మూర కొలిచి చూసుకున్నాను. వేళ్లు ముడుచుకుని ఉన్నాయి కదా, మోచేతి నుంచి కణుపుల దగ్గరే చెయ్యి అయిపోయింది. నా మూర చిన్నబోయింది. అలా కొలిచి అమ్మితే జనం దొంగ అంటారు.

*

ఉగాది తర్వాత ఒక సాయంత్రం వసుంధరమ్మ బత్తాయిలు పట్టుకుని మా బస్తీకి వచ్చింది.

ఈమె సంగతి చెప్పాలి. పంజాగుట్టలో ఒక పాత అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. డెబ్బై దగ్గర పడింది. రాజమండ్రి మనిషి. చాలా ఏళ్లుగా రోజూ నా దగ్గర రెండు మూరలు కొంటుంది. తలేమో మగపిల్లాడిలా కత్తిరించుకుని ఉంటుంది. ఈ పూలు ఎవరి జడకో అని నాకు ఒకటే గుంజాటన. ఒకసారి ఉండబట్టలేక "ఇంట్ల ఆడపిల్లలున్నరా అమ్మా?" అని అడిగాను. "చాలామందే ఉన్నారండీ, మగపిల్లలకీ పెడతాను" అంది. పిచ్చిదనుకుని కొసరు ఎక్కువ ఇచ్చేదాన్ని.

వచ్చి మంచం పక్కన కూర్చుంది. అందరిలా అయ్యో అనలేదు, చెయ్యి పట్టుకుని లాగలేదు. "బాలమణి గారూ, ఏ వేలు ముందు ముడుచుకుంటుందండీ?" అని అడిగింది.

ఆ మాట నన్నెవరూ అడగలేదు. ఆలోచించుకుని చెప్పాను. "చిటికెనేలు. దాన్ని సూసి ఉంగరపేలు. తక్కినయి ఆ రెండిటినీ సూసి."

"అవును. చిటికెన వేలే మొదలుపెడుతుంది" అంది, ఆ వేలితో తనకేదో పాత తగాదా ఉన్నట్టు. "మా ఇంటికి రండి. పిల్లలు పియానో వాయిస్తుంటే పక్కన కూర్చోండి. ఆసుపత్రి మానొద్దు. ఇది వైద్యం కాదు, నేను డాక్టర్ని కాదు."

ఆమె పోయాక యాదగిరి తల పట్టుకున్నాడు. "మా అమ్మను పొరపాటున పెద్దాసుపత్రికి తోలిన. ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి తోలేదుండె."

వాళ్ల ఇల్లు రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఈడ్చే కాలితో ఎక్కేసరికి అన్ని దేవుళ్లనూ తిట్టేశాను. తలుపు తీస్తే హాలంతా పియానోనే, నల్ల బర్రె పడుకున్నట్టు. కాళ్లు చూస్తే మూడే ఉన్నాయి. మనసు కాస్త నిమ్మళించింది.

మొదట చాలా రోజులు నన్ను పియానో మెట్లు, వేళ్లతో నొక్కే ఆ తెల్ల నల్ల పలకలు, ముట్టనివ్వలేదు. దాని చెక్క మీద నా ఎడమ చెయ్యి పెట్టించి, "చేతిని చూడకండి. పిల్లాడు వాయిస్తున్నాడు, వినండి" అనేది. వాయిస్తుంటే చెక్కలోంచి ఆ మోత అరచేతిలోకి వచ్చేది, పిల్లి గురకలా. నాకు నిద్ర వచ్చేది. నిద్రపోతే ఏమీ అనేది కాదు. ఇది బాగుంది, ఆసుపత్రి కంటే నయం అనుకున్నాను.

ఆమె చదువు చెప్పే తీరు చూస్తే నాకు నవ్వొచ్చేది. ఏ పాటైనా ముందు నోటితో పాడించేది. నోటికి రానిది వేలికి రాదనేది. పిల్లాడు తప్పు వాయిస్తే తిట్టదు. "ఆ తప్పునే మళ్లీ వాయించు. పాపం అదెక్కడికి పోదామనుకుందో చూద్దాం" అనేది. మా రాత్రి బడి సారు ఇలా ఉంటే నేను వత్తులు ఎప్పుడో నేర్చుకునేదాన్ని.

ఒక పొద్దు ఒక తండ్రి వచ్చాడు. అమీర్‌పేటలో ఏదో కోచింగు నడుపుతాడట.

"మేడం, మా బాబుకి రెండు నెలల్లో పరీక్ష ఉంది. క్రాష్ కోర్సులాంటిదేమైనా ఉందాండీ? పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు కూర్చోబెడతాం."

"మామిడికాయలకి మందేసి ముగ్గబెడతారు చూశారా? రంగొస్తుంది. మీ బాబుకి రంగు కావాలా, రుచి కావాలా?"

ఆయన కాసేపు ఆలోచించి "రెండూ కలిపి ప్యాకేజీ ఏమైనా..." అన్నాడు. నేను పకపకా నవ్వాను. ఈమె ఎవరని అడిగాడు. "నా కొత్త స్టూడెంటండీ" అంది వసుంధరమ్మ. ఆయన ఇంకేమీ అడగకుండా బాబును అక్కడే వదిలి వెళ్లాడు. అలాంటి చోట చేరిస్తే పోటీ తక్కువుంటుందనుకున్నాడేమో.

ఇక పూల సంగతి. సాయంత్రం సుజాత దగ్గర కొన్న దండను ఆమె చిన్న చిన్న తునకలు చేసింది. వాయించే ఒక్కొక్క పిల్ల చేతి వెనక, మణికట్టు మీద, ఒక్కొక్క తునక పెట్టింది. అది పడకుండా వాయించాలి.

"బయట గురువులు నాణెం పెడతారండీ. నాణెం పెడితే పిల్లలు పడిపోతుందని చేతిని బిగదీస్తారు. పూలు పెడితే నలిగిపోతాయని వదులు చేస్తారు. నాకు కావాల్సింది వదులు."

నా ఎడమ చేతి మీద కూడా ఒక తునక పెట్టింది. ఇన్నేళ్లూ అందరి జడల్లోకీ పోయాయనుకున్న నా పూలు ఇక్కడికి వస్తున్నాయన్న మాట. నాకు ఏదోలా అయ్యింది. అందుకని "గీ దండ సుజాత కట్టింది, ముడి వదులుంది, నాదైతే గిట్లుండదు" అన్నాను.

*

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, పిల్లలెవరూ రాక, ఇద్దరం విసనకర్రలతో కూర్చున్నాం. అప్పుడు అడిగాను, నాకు డొంకతిరుగుడు తెలియదు. "గింత పెద్దదాన్ని కొనుక్కున్నవ్, పోరగాండ్లకు నేర్పుడేనా? నువ్వు కచేరీలు చెయ్యవా?"

చెప్పింది. వాళ్ల నాన్న రైల్వేలో గుమాస్తా. అక్కడి క్లబ్బులో తెల్లవాళ్లు వదిలిపోయిన పియానో ఒకటి ఉండేదట. సగం మెట్లు మోగేవి కావు. మోగని చోట ఈమె నోటితో పాడేదట. ముందు పాడించడం అప్పటి అలవాటేనట. తర్వాత మద్రాసు, ఆ తర్వాత లండను. పెద్ద పెద్ద హాళ్లలో, వెనక వందమంది వాయిద్యాలవాళ్లతో వాయించింది. ఆ ఊళ్ల పేర్లు చెప్పింది గానీ నాకు నోరు తిరగలేదు. పట్టుచీర కట్టుకుని వాయిస్తే మర్నాడు పేపర్లో చీర గురించే రాసేవారట.

"మరెందుకు బందువెట్టినవ్?"

తన కుడి చెయ్యి చాపి చూసుకుంది. "ఒక కచేరీ మధ్యలో ఈ చిటికెన వేలు లోపలికి ముడుచుకుపోయిందండీ. తర్వాత ఉంగరం వేలు. అన్నం తినేటప్పుడు బానే ఉంటుంది, పియానో ముందు కూర్చుంటేనే ముడుచుకుంటుంది."

"అంటే అది కామ్‌చోర్ ఏలు. తిండికి ఉంటది, పనికుండది."

ఆమె విసనకర్ర కింద పడేసి నవ్వింది. కళ్లు తుడుచుకుని అంది. "నేనూ అలాగే తిట్టానండీ దాన్ని. రోజంతా కూర్చోబెట్టి సాధన చేయించా. ఎంత బెదిరిస్తే అంత ముడుచుకుంది. మూడేళ్లు పోరాడి స్టేజీ వదిలేశాను. అది మళ్లీ రాలేదు. మిగతా వేళ్లతో మాత్రం నాకు సంధి కుదిరింది."

"ఏడ్సినవా?"

"ఏడ్చానండీ. మీరు?"

"నేనెందుకేడుస్త?" అన్నాను. అని ఏడ్చాను. ఆమె నా చేతి మీద పూల తునక జారితే తీసి మళ్లీ పెట్టింది.

*

ఆషాఢం వచ్చింది. బస్తీలో బోనాల డప్పులు మోగుతుంటే శ్రావణానికి ఎన్నాళ్లుందో కుడి చేతి వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. వేళ్లు కాస్త వదులయ్యాయి గానీ తెరుచుకోలేదు. రాత్రి కాలు తిమ్మిరెక్కితే మళ్లీ వచ్చిందేమోనని పొద్దున లేచి అద్దంలో మూతి చూసుకునేదాన్ని. సుజాతతో ఊరికే కొట్లాట పెట్టుకున్నాను. నీ పొడుగు చేతులతో నా గిరాకీ అంతా చెడగొట్టావన్నాను.

"నా చేతులు నేనేమన్న కొనుక్కొచ్చుకున్ననా అత్తా? పగలు కంపెనీల నిలవడి, సాయంత్రం నీ జాగల కూసుంటున్న. నాకేమన్న సర్దానా?" అని బిందె దబ్బున పెట్టింది. పావురం కూడా నా వంకే చూసింది. పిల్ల అన్నదాంట్లో తప్పేం లేదు. ఆ రాత్రి కూర అదే వండింది, నాకు ముద్దలు అదే కలిపి పెట్టింది. బాగున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మంచంలో పడ్డవాళ్లు అందరికంటే దగ్గరున్నవాళ్లనే కరుస్తారు.

మర్నాడు వసుంధరమ్మ నన్ను మొదటిసారి మెట్ల ముందు కూర్చోబెట్టింది.

"చౌరస్తాలో ఎలా అరుస్తారో అలా అరవండి."

"ఇక్కడనా? పక్కింటోళ్లు పోలీసులకు ఫోన్ జేస్తరు."

"చెయ్యనివ్వండి."

అరిచాను. "మల్లే... పూలే..." రెండో అంతస్తు అద్దాలు అదిరాయి. ఆమె అదే అరుపును పియానో మీద మూడు మెట్లతో వాయించింది. నా అరుపే! బొటనవేలు పైన, చూపుడు వేలు దాని కింద, చివర దిగి ఆగేది నడిమి వేలు.

"ఆ చివరి స్వరం నడిమి వేలిదండీ. దానికి తొందరేం లేదు. కుడి చెయ్యి కబుర్లు చెబుతుంది, ఎడమ చెయ్యి ఇల్లు నడుపుతుంది. ఇల్లు నడిపేవాళ్లు కాస్త ఆలస్యంగానే వస్తారు."

శ్రావణానికి ముందు ఆదివారం వాళ్ల హాల్లో పిల్లలు తల్లిదండ్రుల ముందు వాయించారు. మావాళ్లనూ పిలిచింది. యాదగిరి, సుజాత, శ్రీకాంత్ గోడ పక్కన చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. మందేసి ముగ్గబెట్టమన్న తండ్రి కూడా వచ్చాడు. చివరగా నన్ను పిలిచింది. ఆయన కొడుకే నా పక్కన కూర్చుని కుడి పక్క వాయించాలి. ఎడమ పక్క నా మూడు స్వరాలు. ఆ చివరి స్వరం పడ్డాకే వాడు మొదలుపెట్టాలి.

బొటనవేలు పడింది. చూపుడు వేలు పడింది. నడిమి వేలు రాలేదు.

పక్కన పిల్లవాడు చేతులు గాల్లో పెట్టుకుని ఉన్నాడు. వాళ్ల నాన్న గడియారం చూసుకున్నాడు. నేను నా చేతి వంక చూశాను. చూసిన కొద్దీ అది ముడుచుకుంటోంది. మనసులో దాన్ని పుట్టెడు తిట్లు తిట్టాను. వసుంధరమ్మ కళ్లు మూసుకుని వింటోంది. ఏం వింటోంది, అక్కడేమీ మోగడం లేదే అనుకున్నాను. అంతలో వెనక నుంచి మా శ్రీకాంత్ గుసగుస, "బావా, అయిపోయిందా? చప్పట్లు కొట్టాల్నా?"

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వొచ్చింది. చెయ్యి సంగతి మరిచి వెనక్కి తిరిగి "నోర్మూయ్‌రా" అన్నాను. ఆ మాటతో పాటే కింద చివరి స్వరం మోగింది.

పిల్లవాడు ఠక్కున అందుకున్నాడు. మేం మళ్లీ మళ్లీ తిప్పి వాయించాం. ప్రతిసారీ ఇల్లు నడిపే వేలు ఆలస్యంగానే వచ్చింది, కానీ వచ్చింది. యాదగిరి చప్పట్లు కొట్టలేదు. చేతుల్లో చెప్పులున్నాయి, అవే కొట్టాడు.

*

వరలక్ష్మీ వ్రతం ముందు రోజు, గురువారం, నా జాగాలో కూర్చున్నాను. నడిమి వేలు తెరుచుకుంటుంది. చిటికెన వేలు, ఉంగరం వేలు ముడుచుకునే ఉన్నాయి. అవి ఇక రావేమోనని ఆసుపత్రి పిల్ల మెల్లగా చెప్పింది. పోనీ. పూలు పట్టడానికి మూడు వేళ్లు చాలు, మూరకు నడిమి వేలు చాలు. ఆ రెండూ తిండికి ఉండనీ.

సుజాత పక్కన కూర్చుంది. శ్రీకాంత్ గంప మోసుకొచ్చి, జాగా వంక ఒకసారి ఆశగా చూసి, పూలు కవర్లలో వేసే పనిలో పడ్డాడు. యాదగిరి ఆటో ఎదురుగా నిలబెట్టుకుని నన్నే కాపలా కాస్తున్నాడు. ఖైరతాబాద్ వస్తవా అన్నవాళ్లందరికీ రానని చెబుతున్నాడు.

అంత జనంలో తోసుకుంటూ వసుంధరమ్మ వచ్చింది. "రెండు మూరలు ఇవ్వండి బాలమణి గారూ."

మోచెయ్యి చాపాను. దండ కొస నడిమి వేలి మీద పట్టి కొలిచాను. వేలు కాస్త వణికింది, వంగలేదు. ఆమె దండ అందుకుని తన చేతికి పెట్టి చూసుకుంది.

"మీ కోడలి మూర ఇంతకంటే ఎక్కువుంటుందండీ."

"నా చెయ్యి గింతే. పొడుగు మూర గావాలంటే ఆదివారం రా అమ్మా, ఆ పొద్దు మా సుజాత ఉంటది."

"అయితే కొసరు?"

తునక తుంచి ఇచ్చాను. ఆమె అది సంచిలో వేసుకోలేదు. నేను పక్కామె కోసం దండ కట్టడం మొదలుపెట్టాను కదా, ఆ తునకను నా ఎడమ చేతి వెనక పెట్టి జనంలో కలిసిపోయింది.

"అవ్వా, నాకు నాలుగు మూరలు!" "నాకు ముందియ్యి, నేను ఎప్పటి సంది నిలవడ్డ!" "ఏందే, కనకాంబరాలు అయిపోయినయా?" ఒకామె నా మూర చిన్నదంది, ఇంకొకామె ఎప్పుడూ ఇంతే ఉండేదంది, నేను ఇద్దరినీ తిట్టాను.

ఆ తునక ఎప్పుడు జారిపోయిందో నాకు తెలియదు. చూసుకునే తీరిక ఎక్కడిది, గిరాకీ అంత ఉంటే!